నోటి కందని ముద్ద

రాయలసీమ వాసులకు కరువను మాటకు అర్థము చెప్పబనిలేదు. 1876 మొదలు 1878 వరకు ఈ సీమను పీల్చి పిప్పిచేసిన ధాత కరువు కథలు కర్నూలు, కడప జిల్లాల పల్లెలలో నేటికిని వినవచ్చుచునే యున్నవి. వాన కురియక, చేను పండక, గాదె నిండక మనుష్యుడు పస్తుండుట మన మెరిగిన కరువు. గాదెలో రాగులుండి, పొయ్యిమీద జావ యుడుకుచు, ఆ జావ బిడ్డ కడుపులోనికి బోయియు, ఆ బిడ్డ దేహము పస్తుండుట యనునది వేరొక కరువు. దానిని గూర్చి మన సభలు తీర్మానములు చేసినట్లు మే మెరుగము. వైద్యులు మైటోకాండ్రియా వ్యాధి యని పిలుచు రోగమునకు లోనై, నోట మ్రింగలేక, గొట్టము ద్వారా ఆహారము గొనుచున్న పసిబిడ్డల పోషణమును గూర్చియు, వారికి వేళ దప్పక ఈయవలసిన మందులను గూర్చియు నేడు పాఠకులతో ముచ్చటింప దలచితిమి.

ఇది వైద్యుల పత్రికలో నుండదగిన విషయము గాని దినపత్రిక కేల యని కొందరడుగవచ్చును. ఒక యింటి తల్లి సంవత్సరముల తరబడి రాత్రి రెండు గంటలకు లేచి, మాత్ర నూరి, నీట గలిపి, గొట్టమున బోసి, మరల నాలుగు గంటలకు లేవవలసి యుండుట ప్రజావిషయము కానిచో, ప్రజావిషయమేదియో మాకు దెలియదు.

మొదట ఈ వ్యాధి యెట్టిదో చెప్పవలెను. మన దేహమునందలి కణములలో, ఎర్ర రక్తకణములు దప్ప, దాదాపు అన్నిటియందును మైటోకాండ్రియా లనబడు సూక్ష్మమైన కొలుములు గలవు. తిన్న అన్నము జీర్ణమై చక్కెరగను క్రొవ్వుగను కణమును జేరి, పీల్చిన ప్రాణవాయువుతో గూడి, ఆ కొలుములందు శక్తిగా మారును. ఆ శక్తి ఏ.టీ.పీ. యను పదార్థరూపమున నిలిచి, గుండె కొట్టుకొనుటకును, కన్ను చూచుటకును, తుదకు మ్రింగుటకు సైతము వెచ్చింపబడును. కొలిమి చెడిన యెడల బొగ్గు లెన్ని వేసినను ఇనుము కాగదు. మెదడు, కండ, గుండె, కాలేయము మొదలైనవి మిక్కిలి శక్తిని గోరునవి గాన మొదట అవియే కుంటుపడును. బిడ్డ కూర్చుండుట మానును, మెడ నిలుపలేడు, ఫిట్స్ వచ్చును, తుదకు మ్రింగుట మరచును. 1951లో డెనిస్ లీ యను ఆంగ్ల వైద్యుడు ఇట్టి యొక శిశువు మెదడును పరీక్షించి వర్ణించిన రోగమునకు నేటికిని లీ వ్యాధి యనియే పేరు.

ఈ ఏ.టీ.పీ. పేరు తెలుగువారు గర్వముతో దలపదగినది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను చేరి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో గూడి 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టీ.పీ.ని వెల్లడించిరి. అదే వత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగా దానిని గనుగొనెను. మద్రాసులో వైద్యవిద్యార్థిగా నుండగా ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చిన మహనీయు డాయన. తిన్నది యొంటబట్టని స్ప్రూ వ్యాధికి సోదరులను బలియిచ్చి, ఆ దుఃఖమే తోడుగా ఔషధశోధనకు జొచ్చినవాడు. దేహమునకు ఇంధన మేదియో చెప్పిన జాతి, ఆ యింధనము పుట్టని బిడ్డలకు ఏమి చేయుచున్నదని యడిగిన మనము తల వంచుకొనవలసియే యున్నది. విగ్రహము నెలకొల్పుట సులభము.

ఇక తల్లుల మీద పడుచున్న నింద నొకదానిని దొలగింపవలసి యున్నది. మైటోకాండ్రియాకు తమదైన చిన్న డీ.ఎన్.ఏ. కలదు. 1981లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు దానిని ఆసాంతము చదివిరి. అందలి అక్షరములు 16,569, జన్యువులు 37. ఇది తల్లి నుండియే బిడ్డకు సంక్రమించును. ఈ సగము మాట యొక యింట జొరబడెనా, అత్తవారికి చేతికి కఱ్ఱ దొరకినట్లే. "ఆమె పుట్టింటి రోగమే" యని ముద్ర వేయుదురు. తక్కిన సగమును ఎవ్వరు చెప్పరు. కొలిమి నడచుటకు వలయు పనిముట్లు వేయికి పైగా నుండగా, వానిలో పదమూడు మాంసకృత్తులను మాత్రమే ఆ చిన్న డీ.ఎన్.ఏ. తయారుచేయును, తక్కినవన్నియు కణకేంద్రమునందలి జన్యువుల పని. అవి తల్లిదండ్రు లిరువురి నుండి వచ్చునవి. పసితనమున గనబడు ఈ వ్యాధులలో పెక్కు ఈ రెండవ తెగకు జెందినవే. తల్లివద్ద నొకటి, తండ్రివద్ద నొకటి లోపించిన జన్యువు లుండి, రెండును బిడ్డయందు గలసినప్పుడు రోగము పుట్టును. మన సీమలో ఆస్తి చెదరకుండుటకును, ఆడబిడ్డ దూరము పోకుండుటకును జేయు మేనరికములు ఇట్టి కలయికను సులభము చేయుచున్నవి. మేనరికము నిశ్చయించిన పెద్దలు పెండ్లిపందిరిలో నుందురు. బిడ్డ మంచమెక్కిన పిమ్మట నిందకు తల్లి యొక్కతె మిగులును. ఎవ్వరు కోరి తెచ్చుకొన్న రోగము కాదిది. అయిదువేల మందిలో నొక్కరికి ఏదో యొక రూపమున నుండగల దని ప్రపంచ వైద్యుల యంచనా. అరుదైన రోగమనుట నిజమే గాని, ఇంత జనసంఖ్య గల దేశమున అరుదైన రోగము గూడ వేల కొంపల రోగము.

బిడ్డ మ్రింగలేనప్పుడు తల్లి చేయునదేమి? ఒడిలో బెట్టుకొని గంట, రెండు గంటలు గోరుముద్దలు పెట్టును. బిడ్డ దగ్గును, ఉక్కిరిబిక్కిరి యగును, ముద్దలో సగము ఊపిరితిత్తులకు దిగును. పది దినములకు జ్వరము, ఆయాసము. ఆసుపత్రిలో నిమోనియా యందురు; తగ్గించి పంపుదురు; మరల గోరుముద్దలు. ఇట్లు మూడు నాలుగు మారులైన తరువాత వైద్యుడు ముక్కుగొట్టము వేయింపుడనును. మన యాసుపత్రులలో దీనిని రైల్స్ ట్యూబందురు, పల్లెలలో పైపందురు. పైపు మాట వినగానే ఇల్లు ఏడ్చును. పైపు వేసిన మనిషి బ్రతుకడని మనవారి నమ్మకము. ఏలనన, ముసలివారికి తుదిదినములలో దానిని వేయుట చూచినవారే అందరును. అన్నప్రాశన చేసిన నోటికి ముద్ద పెట్టకుండుట పాపమని అమ్మమ్మ యనును. ఇట్టి మాటలకు వెఱచి గొట్టము నిరాకరించి, ఎముకల గూడైన పిమ్మట దెచ్చిన బిడ్డలను గూర్చి వైద్యులు చెప్పగా వింటిమి. గొట్టము మరణపత్రము గాదు. ఊపిరి నలుసుపడకుండ జేయు ఏర్పాటు. మ్రింగుటకై వెచ్చించు శక్తిని బిడ్డకు మిగుల్చు నుపాయము. రుచి చూపుటకు నాలుక తడుపవచ్చునో లేదో వైద్యు నడిగి తెలిసికొన్నచో అమ్మమ్మ కోరికయు గొంత తీరును.

నెలల తరబడి గొట్టము కావలసిన బిడ్డకు ముక్కున గాక పొట్టమీదనే చిన్న రంధ్రము చేసి యమర్చు పద్ధతి మేలు. కత్తికోత లేకుండ లోనికి దీపపు గొట్టము పంపి దీనిని అమర్చు పద్ధతిని గాడరర్, పొన్స్కీ యను అమెరికా వైద్యులు 1980లో ప్రకటించిరి. దీనినే పెగ్ అందురు. అయితే ఈ బిడ్డకు మత్తు ఇచ్చు దినమున ఒక జాగ్రత్త తప్పనిసరి. శస్త్రచికిత్సకు ముందు అందరిని పస్తుంచినట్లు ఈ బిడ్డను పస్తుంచినచో ప్రాణాపాయము. ఆ గంటలలో గ్లూకోజు సెలైను నడుచుచుండవలెను. ఈ సంగతి ఎదుటివారికి గుర్తు చేయవలసిన భారము గూడ తల్లిదే యగుట మన దౌర్భాగ్యము.

ఇటీవల నంద్యాల దారిలో నొక పల్లెయందు ఇట్టి బిడ్డగల యింట గూర్చుండి ఒక పూట గడపితిమి. గోడమీది క్యాలెండరు వెనుకవైపు తెల్లకాగితముపై పెన్సిలుతో వేళలు వ్రాసియున్నవి. పగలు రెండున్నర గంటల కొకమారు, రాత్రి మూడు గంటల కొకమారు ఆహారము. మందులు తొమ్మిది. ఏడవ తరగతి చదివిన ఆ తల్లి తన లెక్కను తాను గట్టుకొన్నది. ఆమెకు తెలుగున వ్రాసిన కాగితము ఎవ్వరును ఈయలేదు. ఏ యాసుపత్రి పేరును మేమిచట చెప్పదలచుకొనలేదు. అది యొక యాసుపత్రి లోపము గాదు.

ఆమె గొట్టమున బోయుచున్నది రాగిజావ. రాగులను కించపరచువారితో మాకు సఖ్యము లేదు. సున్నపు ధాతువు విషయమున బియ్యము దానిముందు నిలువజాలదు. కాని జావతో నొక చిక్కు కలదు. చిక్కగా నున్న జావ సన్నని గొట్టమున దిగదు. దిగుటకై తల్లి నీరు పోయును. గొట్టము సాఫీగా నడచును. బిడ్డ పొట్ట నిండును. ఒంటికి జేరునది నీరే. మూడు నెలలలో బిడ్డ బరువు పెరుగక పోయిన రోగము ముదిరినదని యందరు నిట్టూర్తురు. రోగము ముదరలేదు, జావ పలుచనైనది. దీనికి మన అవ్వలకు దెలిసిన యుపాయమే విరుగుడు. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసరిన పిండితో జేసిన జావ అంత చిక్కబడదు. మొలకలో పుట్టు ఎంజైము పిండిని విడగొట్టుటయే అందులకు గారణము. కావున నదే గిన్నెడు జావలో ఎక్కువ పిండి పట్టును. మొలకెత్తని పిండిజావ కాచి, కొంచెము మొలకపిండిని కలిపినను పలుచబడును. సన్నని బట్టతో వడియగట్టి, వైద్యుడు అనుమతించిన కొలది చెంచా నూనె చేర్చినయెడల శక్తి మరింత పెరుగును. పాలు, పప్పుకట్టు, గుడ్డు మొదలైనవి ఎంతెంత చేర్చవలయునో తూకముతో చెప్పుటకు పోషకాహార నిపుణులు కావలెను. ఏలనన ఈ వ్యాధులలోనే ఒక తెగవారికి పిండిపదార్థము తగ్గించి క్రొవ్వు పెంచుట మేలు, మరియొక తెగవారికి క్రొవ్వే విషము. పైరువేట్ డీహైడ్రోజినేస్ లోపించిన బిడ్డకు క్రొవ్వు పెంచిన కీటోజెనిక్ ఆహారము మందు వంటిది. క్రొవ్వును దహింపలేని బిడ్డకు అదియే యపాయము. పొరుగింటి బిడ్డకు కుదిరిన చిట్టా మనకు కుదురునని నమ్మరాదు.

డబ్బాపొడి కొనగల వారికి లెక్క కొంత తేలిక. దానిమీద శక్తి, మాంసకృత్తులు అచ్చువేసి యుండును. కాని నెలకు పలు డబ్బాలు కావలెను. వేరుసెనగ యెండి అప్పు మిగిలిన రైతు వాని నెట్లు కొనును? ఇంటి వంటనే నేర్పుగా జేయ నేర్పుట ప్రభుత్వమునకు చవుక, కుటుంబమునకు గౌరవము.

నీటి మాట వేరుగ జెప్పవలెను. కర్నూలు, నంద్యాలలలో వేసవి యెండ 45 డిగ్రీలు దాటు దినములు గలవు. మనము దాహమైనచో కుండ దగ్గరకు పోవుదుము. ఈ బిడ్డ దాహమని చెప్పలేడు. జావలోని నీరు, మందుల తరువాత గొట్టము కడుగుటకు బోయు నీరు, వేరుగ నిచ్చు నీరు, ఈ మూటిని కూడి దినమునకు ఎంతయో వైద్యుడు చెప్పిన లెక్కకు సరిపోల్చవలెను. ఎండలో ఉడకబెట్టిన జావ త్వరగా పులియును. ఇంట జేసిన యాహారమును గది వేడిలో రెండు గంటలకు మించి యుంచరాదు. శీతలయంత్రము లేని యింట, కరెంటు పోవు పల్లెలో దీని యర్థము దినమునకు ఎనిమిదిమారులు పొయ్యి వెలిగించుటయే. తాగునీరు వడగట్టి కాచవలెను, చేతులు, గిన్నెలు, పిచికారీ సబ్బుతో గడగవలెను. పడుకొన్న బిడ్డకు పోయరాదు. తలవైపు ముప్పది డిగ్రీల పైకి లేపి, పోసిన తరువాత అరగంటకు తక్కువ గాకుండ అట్లే యుంచవలెను.

ప్రతిమారు పోయుటకు ముందు గొట్టము జీర్ణకోశముననే యున్నదా యని చూడవలెను. గాలి కొట్టి పొట్టమీద స్టెతస్కోపుతో బుడబుడ శబ్దము వినుట మన వార్డులలో నాచారము. ఈ శబ్దము గొట్టము ఊపిరితిత్తులలో నున్నను వినబడగలదు గావున దీనిని నమ్మరాదని 2005లోనే బ్రిటిషు వైద్యభద్రతా సంస్థ హెచ్చరించినది. గొట్టము నుండి లాగిన చుక్కను పీ.హెచ్. కాగితమున తాకించి, 5.5 లేదా అంతకు తక్కువ యున్నయెడల కడుపులో నున్నట్లు గ్రహింపవచ్చును. ముక్కుదగ్గర గొట్టముపై పెన్నుతో గీత గీసి, గీత జరిగెనా యని చూచుట కాసుకు ఖర్చు లేని రెండవ కాపలా. ఈ రెండును ఏడవ తరగతి చదివిన తల్లి ఒక ఉదయమున నేర్వగలదు. నేర్పువారు కావలెను.

ఇక మందులు. అన్నిటికన్న తప్పులు జరుగుచోటు ఇదియే గావున ఇచట నించుక నిలువవలెను.

కోయెంజైము క్యూ10, కార్నిటిన్, థయామిన్, రైబోఫ్లేవిన్ మొదలైనవాని నన్నిటిని గలిపి ఇచ్చుట లోకమంతట నున్న వాడుక. వీనివలన అందరికిని మేలు కలుగునని దృఢమైన ప్రమాణము లేదని 2012లో కోక్రేన్ పరిశీలకులు తేల్చిరి. కాని కొందరికి మాత్రము ఇవి ప్రాణదానములే. లీ వ్యాధి వలెనే కనబడు నొక రోగమున బయోటిన్, థయామిన్ అను రెండు విటమినులు అధికమాత్రలో నిచ్చినచో మంచమెక్కిన బిడ్డ లేచి కూర్చుండగలడు. దీనిని 1998లో సౌదీ అరేబియా వైద్యులు మొదట వర్ణించిరి. పాలిష్ పట్టిన బియ్యమే తిను తల్లి పాలు ద్రాగు శిశువునకు థయామిన్ లోపించిన యెడల గూడ ఇట్టి లక్షణములే కలుగవచ్చును. సూదిమందుతో గంటలలో దేరుకొందురు. ఈ విటమినుల వెల స్వల్పము. జన్యుపరీక్ష ఫలితము వచ్చుటకు వారములు, నెలలు పట్టవచ్చును. అంతవరకు వేచియుండక అనుమానము తోచిన దినముననే ఇవి మొదలిడుమని నిపుణులు చెప్పుచుండగా, ఈ రెండు సీసాలు ప్రతి జిల్లా యాసుపత్రిలో నుంచుటకు తీర్మానములు, కమిటీలు కావలయునా?

కొన్ని మందులు ఈ బిడ్డలకు కీడు. ఫిట్స్‌కు సాధారణముగ నిచ్చు వాల్‌ప్రోయేట్ పాల్గ్ యను జన్యువు లోపించినవారికి కాలేయమును ధ్వంసము చేయగలదు. రోగకారణము తెలియని బిడ్డకు దానిని మొదలిడుట ప్రమాదము. జెంటామైసిన్, అమికాసిన్ వంటి సూదులు ఒకానొక మైటోకాండ్రియా జన్యుమార్పు గలవారికి శాశ్వతముగ చెవుడు దెచ్చును. ఈ రెండును మన యాసుపత్రులలో దినదినము వాడబడు మందులే. వానిని మేము దూషించుట లేదు. ఎవరికి తగవో తెలుపు కాగితము బిడ్డతో గూడ తిరుగవలె ననుచున్నాము.

గొట్టమున మందు బోయుట నోట వేయుట వంటిది గాదు. మెల్లగా గరగవలెనని ప్రత్యేకముగ జేసిన మాత్రను, కడుపులో గరగకుండ పూత పూసిన మాత్రను నూరరాదు. నూరిన నొకప్పుడు మోతాదంతయు నొక్కసారిగ బడును, వేరొకప్పుడు గొట్టము పూడును. రెండు మందులు కలిపి పోయరాదు, ఆహారములో కలిపి పోయరాదు. ఒకటి పోసి, నీట గడిగి, మరియొకటి పోయవలెను. ఫినిటాయిన్ అను ఫిట్స్ మందు డబ్బాపొడి యాహారమునకు అంటుకొని రక్తమునకు జేరదు గావున దానికి ముందు వెనుకల గంట, రెండు గంటలు ఆహార మాపుమందురు. ఈ బిడ్డను పస్తుంచరాదని యదే నోట జెప్పుదురు! దినమునకు రెండు మోతాదులైన యెడల నెన్ని గంటలు ఆహారము నిలుచునో లెక్కవేసి, వేరొక మందు మార్చుటయో, రక్తపరీక్షతో మోతాదు సరిచూచుటయో వైద్యుడును ఔషధశాలవాడును గూర్చుండి తేల్చవలసిన పని. ఇపుడు దానిని తేల్చునది పొయ్యిదగ్గరి తల్లి.

అన్నిటికన్న పెద్ద ముప్పు సీసా కొలతలో నున్నది. పారాసెటమాల్ మందు 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల బలముతో నొక సీసాలో దొరకును, 250 బలముతో నొక సీసాలో దొరకును. పసివారి చుక్కలమందులో 1 మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములుండును. చీటిమీద "5 మి.లీ." యని మాత్రమే వ్రాసిన యెడల, అంగడివాడు సీసా మార్చిన దినమున బిడ్డకు నాలుగు రెట్లు మందు పడగలదు. కాలేయము ముందే బలహీనమైన బిడ్డకు ఇది చిన్న పొరపాటు గాదు. చీటిమీద మిల్లీగ్రాములు, సీసా బలము, మిల్లీలీటర్లు మూడును వ్రాయవలెను. వంటింటి చెంచాతో గాక, అంకెలున్న నోటి పిచికారీతో గొలువవలెను. సూదిమందు పిచికారీని గొట్టమునకు వాడినయెడల నొకనాడు గొట్టపుమందు రక్తనాళమునకు బోవు ప్రమాద మున్నందున, ఇతర దేశములు గొట్టములకు వేరు మూతి గల పిచికారీలు విధించుచున్నవి. బిడ్డ బరువు పెరిగినకొలది మోతాదు మారవలెను. రెండేండ్ల క్రిందటి చీటి నట్లే కొనసాగించుట మనవారి వాడుక.

జ్వరము, వాంతులు వచ్చిన దినము వేరు లెక్క. ఆహారము నిలువకపోయినచో కొన్ని గంటలలో కొలిమి చల్లారును. రక్తమున లాక్టిక్ యాసిడు పేరుకొనును. బిడ్డ మగతలో బడును. అర్ధరాత్రి 108 బండి ఎక్కించి సమీప యాసుపత్రికి తెచ్చిన తల్లి, అంతవరకు ఇట్టి రోగమును చూచియుండని యువ వైద్యునికి కథ యంతయు మొదటినుండి చెప్పవలెను. ఆ వైద్యుని తప్పేమి? గ్లూకోజు గల సెలైను వెంటనే మొదలిడుము, రింగర్ లాక్టేటు వలదు, ఈ మందులు వలదు, ఈ నంబరుకు ఫోను చేయుము అని నాలుగు పంక్తులు పెద్దడాక్టరు సంతకముతో నున్న కాగితము తల్లిచేతి సంచిలో నున్నయెడల ఆ రాత్రి మారును.

ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చున్నదని మే మనము. 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానము వెలువడినది. 2022లో సహాయ పరిమితి 50 లక్షల రూపాయలకు పెంపబడినది. హైదరాబాదులోని నిమ్స్, డీ.ఎన్.ఏ. అధ్యయన కేంద్రములు గలసి యొక విశిష్ట కేంద్రముగ నిర్ణయింపబడినవి. 2023లో ఆ విధానమున నున్న రోగములకు స్వంత వాడుకకై దిగుమతిచేయు మందులపైనను ప్రత్యేకాహారములపైనను కస్టమ్సు సుంకము రద్దయినది. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము మంచము దిగలేనివారి పింఛను నెలకు 15,000 రూపాయలకు బెంచినది. ఇవన్నియు మేలే. కాని ఈ మేళ్ళన్నియు పెద్ద మొత్తములు, దూరపు పట్టణములు. కడప నుండి హైదరాబాదు సుమారు 400 కిలోమీటర్లు. 2014 తరువాత అది మన రాష్ట్రము గూడ గాదు. కండముక్క పరీక్షకు బెంగుళూరు, జన్యుపరీక్షకు హైదరాబాదు, రెండవ అభిప్రాయమునకు వేలూరు. తల నిలువని బిడ్డను గొట్టముతో, పిచికారీతో, జావసీసాతో రైలెక్కించువారి కష్టము శ్రీబాగు ఒడంబడిక వ్రాసిన 1937లో మన పెద్దలు చెప్పిన దూరపు కష్టమే. 1956లో కర్నూలున, 2006లో కడపలో వైద్యకళాశాలలు వెలసిన పిమ్మటను రోగము పేరు తెలిసికొనుటకు ప్రయాణము దప్పకపోవచ్చును. రోజువారీ పోషణమునకు గూడ దప్పకుండుట మాత్రము సహింపరానిది.

మేము కోరునది గొప్ప భవనము గాదు. కర్నూలు, కడప బోధనాసుపత్రులలో వారమున కొక ఉదయమున పిల్లల వైద్యుడు, పోషకాహార నిపుణురాలు, ఔషధశాలాధికారి, గొట్టము దెలిసిన నర్సు నలుగురు నొక బల్లచుట్టు గూర్చుండవలెను. గొట్టములు, పిచికారీలు, పీ.హెచ్. కాగితములు, థయామిన్, బయోటిన్ ఆ గదిలోనే ఉచితముగ దొరకవలెను. బిడ్డను తూచి, జావ తూకము చెప్పి, మందులను సమీక్షించి, వేళల పట్టిక తెలుగున వ్రాసి ఈయవలెను. పల్లెకు మరలిన తల్లితో ఫోనున మాట్లాడుటకు ఒకరి పేరుండవలెను. పింఛను పత్రమిచ్చు మండలివారు గొట్టముతో నున్న బిడ్డను మూడుమారులు త్రిప్పక యొక్కసారి చూచి వ్రాయవలెను. వీలైనచో ఇంటికే పోవలెను. 2013 నుండి నడచుచున్న బాలస్వాస్థ్య కార్యక్రమమున జిల్లా కేంద్రము లున్నవి. ఈ పని వారికి నప్పగించుటకు క్రొత్త చట్టము లక్కరలేదు.

ఈ బిడ్డలలో కొందరు ఎంత చేసినను నిలువరు. ఈ మాట దాచుట మోసము. నిలువని బిడ్డకు గూడ ఆకలి, దాహము, ఊపిరాడని బాధ తగ్గించుట వైద్యమే. ఎంతవరకు ఏమి చేయవలయునో తల్లిదండ్రులతో ముందుగ నిదానముగ మాటలాడుట వైద్యములో భాగమే. ఆ సంభాషణ ఐ.సీ.యూ. తలుపుదగ్గర నిలుచుండి చేయునది గాదు.

నంద్యాల దారి పల్లెలో మేము లేచి వచ్చుచుండగా ఆ తల్లి మమ్ము నొక్కటి యడిగినది. తన కాగితము చెమటకు, జావకు తడిసి అక్షరములు చెరిగిపోవుచున్నవట. దిట్టమైన కాగితముపై అచ్చువేసి ఈయగలరా యని. వేళలు, మోతాదులు, అర్ధరాత్రి చూపవలసిన ఆ నాలుగు పంక్తులు గల పట్టికను తెలుగున ముద్రించి, కోరినవారి కెల్లరకు ఉచితముగ బంపుటకు మా ముద్రాలయము సిద్ధముగ నున్నది. దానిని సరిచూచి క్రింద సంతకము చేయు వైద్యులు కర్నూలున నొకరు, కడపలో నొకరు కావలెను. మా కార్యాలయమునకు వ్రాయుడు.